వద్దు బిళ్ల పెట్టుకున్నవాళ్లకే సూపు

పాత ఇనుప వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత నాలుగో ఏడు అది. ఆ వరదలోనే ఏరు నా పొలం వంపు దగ్గర గట్టు తినడం మొదలుపెట్టింది. మళ్లీ ఆపలేదు. ఇక్కడ వానలు పడేది చలికాలంలోనే. ప్రతి చలికాలం ఒక ముక్క. ఆ ఏడు ఆకులు రాలేసరికి గట్టు అంచుకీ నా ఆవుల కొట్టానికీ మధ్య ట్రాక్టరు తిప్పుకునేంత చోటే మిగిలింది. ఇంకొక్క గట్టి వానాకాలం వస్తే కొట్టం ఏట్లో ఉంటుంది. కొట్టం లేకపోతే చలికాలం పాలు తీయలేను. పాలు తీయలేకపోతే ఆవుల్ని అమ్మాలి. ఆ తర్వాత నాకు పనేమీ లేదు.

ఏరు ఊరికే తినడం లేదు. ఎగువన వర్జిల్ ఫగుండెస్ కంకర తవ్వుతున్నాడు. ఏటి అడుగు తవ్వితే దిగువ గట్లు కూలతాయి. అది ఎవరూ కాదనరు. వర్జిల్ కూడా కాదనడు. "కంకర లేకపోతే రోడ్డెలా వేస్తాం పెదనాన్నా" అంటాడు, అంతే. వాడు నా భార్య డియోలిందా చెల్లెలి కొడుకు. మా కౌంటీ బోర్డుకి అధ్యక్షుడు. రోడ్లు వేయమని తీర్మానం చేసేదీ వాడే, రోడ్లకి కంకర అమ్మేదీ వాడే.

ఆ నవంబరులో కాలిఫోర్నియా అంతా ఒక చట్టం మీద ఓటెయ్యాలి. పెద్ద చట్టం. పాత అడవి కొట్టకూడదు, పురుగుమందు చల్లకూడదు, సముద్రంలో చమురు తవ్వకూడదు, ఏట్లో కంకర తియ్యకూడదు, ఏటి గట్టున రాయి వెయ్యకూడదు, ఆవు ఏట్లో మూతి పెట్టకూడదు. అన్నీ ఒకటే చట్టం. అవునో కాదో ఒకటే గడి. దాన్ని నగరంలో కూర్చుని రాశారు. ఏరంటే వాళ్లకి కారులో వంతెన దాటుతూ చూసేది.

మా బోర్డు దాన్ని వ్యతిరేకించింది. బోర్డులో అయిదుగురు. ఒకడికి కలప కోతమిల్లు, ఒకడికి ఆ మిల్లులో వాటా, ఒకడికి బంగాళాదుంపల పొలం, ఒకడు భూముల బేరగాడు, అయిదోవాడు వర్జిల్. చట్టం చదివినవాడు ఒక్కడూ లేడు. దానికి నేను తప్పుపట్టను. నేనూ చదవలేదు. కానీ నేను దాని గురించి మైకు ముందు మాట్లాడలేదు.

అక్టోబరులో ఒకరోజు వర్జిల్ డోనట్ల డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వాడు డబ్బాతో వస్తే ఏదో కావాలని అర్థం. ఊరికే వచ్చేటప్పుడు మా ఇంట్లో ఉన్నవి తిని పోతాడు.

"పెదనాన్నా, శనివారం బోర్డు సమావేశం మన పరిశుద్ధాత్మ హాల్లో పెట్టాను. మధ్యాహ్నం సూపు, రెండింటికి తీర్మానం. సూపు నువ్వే వండాలి" అన్నాడు.

"అది పండక్కి కదా వండేది."

"ఇదీ పండగే అనుకో. బోర్డు మీటింగంటే కుక్క కూడా రాదు. పరిశుద్ధాత్మ సూపంటే లోయంతా దిగుతుంది. పేపరువాళ్లు వస్తున్నారు, నాకు జనం కావాలి."

"బీఫ్ కూరని చెప్పు."

"బీఫ్ కూరకెవడొస్తాడు?" అని నవ్వాడు. జేబులోంచి ఒక కాగితం తీశాడు. "తిన్నాక నువ్వు లేచి ఈ మూడు ముక్కలు చదవాలి. మన కౌంటీ లాయరు ప్రూయిట్ రాసిచ్చాడు."

"ఏముంది?"

"నువ్వు చిన్న రైతువి. ఈ చట్టం వస్తే నీ కొట్టం పోతుంది."

"కొట్టం పోయేది నీ కంకర వల్ల."

"అది ఇంట్లో మాట పెదనాన్నా. బయట చట్టం వల్ల."

వాడు సిగ్గుపడతాడేమోనని మొహంలోకి చూశాను. డోనట్ మీద పంచదార చొక్కా మీద పడితే దులుపుకుంటున్నాడు.

"చదివితే?" అన్నాను.

"సోమవారం కౌంటీ లారీలు నీ వంపు దగ్గర బండరాయి దింపుతాయి. గట్టు పొడుగునా, కూలకుండా. వానలకి ముందే అయిపోతుంది. చట్టం వచ్చిందనుకో, రాయి వెయ్యడానికి కూడా ఉండదు. అందుకే చెప్తున్నా."

"చదవకపోతే?"

"చదవకపోవడమేంటి" అన్నాడు.

డియోలిందా పొయ్యి దగ్గర్నుంచి, "చదువుతాడులేరా. కాఫీ తాగు" అంది.

చదువుదామనే అనుకున్నాను. రాయి కావాలి నాకు. ఏట్లో కలిసే కొట్టం ముందు నిలబడి నిజమేదో అబద్ధమేదో లెక్కపెట్టుకునే తీరిక నాకు లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

సూపు సంగతి చెప్పాలి. మా వాళ్లంతా అజోర్స్ దీవుల నుంచి వచ్చినవాళ్లు. అక్కడ భూమి కంపించినప్పుడూ కరువొచ్చినప్పుడూ పరిశుద్ధాత్మకి మొక్కుకున్నారు, ఆకలైనవాడికి అన్నం పెడతామని. ఇక్కడికొచ్చి ఆవుల్ని కొన్నాక కూడా ఆ మొక్కు మానలేదు. వేసవి మొదట్లో హాల్లో బల్ల మీద వెండి కిరీటం పెడతాం. పెద్ద గుండిగల్లో మాంసం, క్యాబేజీ, దాల్చినచెక్క వేసి ఉడికిస్తాం. గిన్నెల్లో రొట్టె ముక్కలు, వాటి మీద పుదీనా రెమ్మ, దాని మీద వేడి సూపు పోస్తాం. కిరీటం బల్ల మీద ఉన్నంతసేపు తలుపు తెరిచి ఉంటుంది. ఎవరొచ్చినా తింటారు. పేరు అడగం. ఎందుకొచ్చావని అడగం. జైలు నుంచి అదే రోజు బయటికొచ్చినవాడు తిని వెళ్లాడు, వాణ్ణి పట్టుకున్న పోలీసూ తిన్నాడు, ఒకే బల్ల మీద. ఇందులో గొప్పేమీ లేదు. అలా కాకపోతే అది సూపు కాదు, అంతే.

ఇదంతా వర్జిల్‌కి తెలుసు. చిన్నప్పుడు ఆ కిరీటం దిండు మీద పెట్టుకుని ఊరేగింపులో నడిచినవాడు.

శనివారం తెల్లవారకముందే పొయ్యిలు అంటించాను. పదకొండింటికి హాలు ముందు కార్లు బారులు తీరాయి. చినుకులు పడుతున్నాయి. వంటగదికీ హాలుకీ మధ్య ఒక కిటికీ ఉంది, గిన్నెలు అందించుకునేది. అందులోంచి చూస్తే వర్జిల్ అద్దాల పెట్టె తాళం తీసి కిరీటం బయటికి తీస్తున్నాడు.

"అదెందుకురా?" అన్నాను.

"ఫొటోలో బాగుంటుంది పెదనాన్నా. వెనకాల బోర్డు, ముందు కిరీటం."

ఫాదరు వచ్చి గుండిగల మీద నీళ్లు చిలకరించి, ప్రార్థన చేసి, ఇంకెక్కడో పెళ్లుందని వెళ్లిపోయాడు. ఆయన ఎప్పుడూ అంతే. ఏదైనా తేడాగా జరగబోతుంటే ఆయనకి ఎక్కడో పెళ్లుంటుంది.

గుమ్మం దగ్గర వర్జిల్ లారీ డ్రైవరు ఒక అట్టపెట్టె పట్టుకుని నిలబడ్డాడు. పెట్టెలో ఎర్ర బిళ్లలు. వాటి మీద 'వద్దు' అని రాసుంది. లోపలికొచ్చే ప్రతివాడి గుండె మీదా ఒకటి గుచ్చుతున్నాడు. జనం నవ్వుతూ గుచ్చించుకున్నారు. ఏ చట్టమో అడిగినవాడు లేడు. సూపు వాసన వస్తోంది, బిళ్ల ఉచితం. మా వాళ్లకి ఇంక కావలసిందేముంది. వర్జిల్ వంటగదిలోకొచ్చి నా ఏప్రను మీద కూడా ఒకటి గుచ్చిపోయాడు.

హాలు నిండింది. గిన్నెల్లో రొట్టె, పుదీనా సర్దారు. నేను మొదటి గుండిగ మూత తీసి గరిటె చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు గుమ్మం దగ్గర గొడవ వినిపించింది.

మొక్కల నర్సరీ నడిపే నోర్మా కెస్లర్ వచ్చింది. మా కౌంటీలో ఆ చట్టం కోసం తిరిగే మనిషి ఆవిడే. వెంట ఇరవైమంది దాకా ఉన్నారు, అందరికీ ఒకే రకం రబ్బరు బూట్లు. వాళ్లలో ఒకడు గుడ్డతో కుట్టిన పెద్ద చేప వేషం వేసుకుని ఉన్నాడు. వానకి తడిసి తోక నేల మీద ఈడ్చుకుపోతోంది. ఒక రాష్ట్రం చట్టం మార్చడానికి బయల్దేరినవాడు చేప వేషంలో బయల్దేరతాడని నేను అంతకుముందు అనుకోలేదు.

"బిళ్ల పెట్టుకుంటే లోపలికి రావచ్చు" అంటున్నాడు డ్రైవరు.

"ఇది ప్రజల సమావేశం. మమ్మల్ని ఆపే హక్కు మీకు లేదు" అంది నోర్మా.

"సమావేశం రెండింటికమ్మా. అప్పుడు రండి, ఎవరాపారు? ఇది సూపు. వద్దన్నవాళ్లకే సూపు."

లోపల బల్లల దగ్గర కొందరు నవ్వారు. కోతమిల్లు ఆయన గట్టిగా, "చేపకి మాత్రం ఏట్లోనే భోజనం" అన్నాడు. ఇంకా నవ్వారు. డ్రైవరు తలుపు మూసి గొళ్లెం పెట్టాడు.

నేను గుండిగ మీద మూత పెట్టేశాను. గరిటె గోడకి తగిలించి, స్టూలు మీద కూర్చున్నాను.

కాసేపటికి వర్జిల్ వచ్చాడు. "ఏంటి పెదనాన్నా, సూపు పొయ్యవేం. జనం చూస్తున్నారు."

"తలుపు తియ్యి."

"ఏ తలుపు?"

"హాలుకి ఎన్ని తలుపులున్నాయిరా?"

వాడు గొంతు తగ్గించాడు. "నీకు మతిపోయిందా? నీ ఆవుల్ని ఏటి దరిదాపులకి రానివ్వకూడదన్నవాళ్లు వాళ్లు."

"తెలుసు."

"నీ గట్టుకి రాయి వెయ్యకూడదన్నవాళ్లు."

"అదీ తెలుసు."

"చేప వేషగాడికి సూపు పోస్తావా నువ్వు?"

"ఆకలేస్తే పోస్తా."

"ఈ మాంసం నేను కొన్నది."

"అయితే తీసుకుపో. లేదంటే ఒక పని చెయ్యి. కిరీటం తీసి పెట్టెలో పెట్టు. ఇది బీఫ్ కూర, పరిశుద్ధాత్మ సూపు కాదు అని మైకులో చెప్పు. అప్పుడు నువ్వు ఎవరికి పొయ్యమంటే వాళ్లకి పోస్తా. బిళ్ల చూసి మరీ పోస్తా."

వాడు కిటికీలోంచి హాల్లోకి చూశాడు. నేనూ చూశాను. మూడువందల గిన్నెల్లో పొడి రొట్టె. మూడువందల గుండెల మీద ఎర్ర బిళ్ల. ముందు బల్ల దగ్గర, కిరీటం పక్కనే, నల్లబట్టల ముసలమ్మలు వరసగా కూర్చున్నారు. చట్టం అంటే వాళ్లకేమీ పట్టదు. కిరీటం మీద నుంచి మాత్రం కళ్లు తియ్యరు. వాళ్ల ముందు ఆ కిరీటం ఎత్తి పెట్టెలో పెట్టాలంటే వర్జిల్‌కి కంకర తవ్వే యంత్రం చాలదు.

"ముందు ఉపన్యాసం ఇస్తావా ఏంటి వర్జిల్?" అంది వాళ్లలో ఒకావిడ, ఫిలొమేనమ్మ. ఆవిడకి తొంభై దాటాయి. "రొట్టె ఎండిపోతోంది."

"ఒక్క నిమిషం అత్తా."

"తలుపెందుకు మూశార్రా? గాలాడట్లేదు."

"వాన పడుతోందత్తా."

"నువ్వు పుట్టకముందు నుంచీ పడుతోంది. కిరీటం బయటుండగా తలుపు ఎప్పుడైనా మూశామా? మీ అమ్మ ఉంటే నీ చెవి పట్టుకునేది."

ఆవిడ పక్కనున్నవాళ్లు తలలూపారు. వెనక బల్లలకి మాట పాకింది. మగవాళ్లు కొందరు బిళ్లల వైపు చూసుకుని, గిన్నెల వైపు చూశారు. ఇందాక చేప మాటకి నవ్వినవాళ్లే. పొరపాటున నవ్వినట్టు ఇప్పుడు మొహాలు పెట్టారు. ఒక్కడూ లేచి నేనే తీస్తాననలేదు. లేస్తే రేపు కౌంటీ రోడ్డు పని దొరకదు.

బీఫ్ కూరని చెప్పి ఉంటే వర్జిల్‌కి ఏ ఇబ్బందీ లేదు. కానీ వాడికి సూపు పేరు కావాలి, సూపుకుండే కట్టుబాటు అక్కర్లేదు. కిరీటం మెరుపు కావాలి, దాని బరువు వద్దు. అలాంటివాళ్లనే మేం ప్రతిసారీ గెలిపిస్తాం.

వాడు గుమ్మం దాకా వెళ్లి గొళ్లెం తీశాడు. "రండి" అన్నాడు. చెంప పగలగొట్టించుకున్నవాడు పలికినట్టు పలికాడు. వెంటనే పేపరువాడి వైపు తిరిగి, "మా సంప్రదాయం ఇది. మాకు శత్రువులు లేరు" అన్నాడు. పేపరువాడు రాసుకున్నాడు.

నేను లేచి పోయడం మొదలుపెట్టాను.

చేప వేషగాడు తల తీసి పక్క కుర్చీలో పెట్టి రెండు గిన్నెలు తిన్నాడు. నోర్మా గిన్నె పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

"బోర్బా గారూ, ఇందులో మాంసం ఉందా?"

"ఉంది."

"నేను తిననండి. క్యాబేజీ ఒక్కటే తీసివ్వగలరా?"

"మాంసంతోనే ఉడికింది."

ఆలోచించింది. తీసుకుంది. "మీరు చేసింది చాలా ధైర్యం. మీలాంటివాళ్లు మా వైపు ఉన్నారని చెప్పుకుంటాం" అంది.

"చెప్పుకోకండి. నేను మీ వైపు లేను."

"కానీ మీ గట్టు కంకర వల్లే కదా కూలుతోంది? చట్టం వస్తే తవ్వకం ఆగుతుంది."

"గట్టుకి రాయి వెయ్యనిస్తుందా మీ చట్టం?"

"అది సరైన పద్ధతి కాదండీ. ఏరు తన దారి తను వెతుక్కోవాలి."

"నా కొట్టంలోంచే వెతుక్కుంటోంది" అన్నాను.

"చాలా బాధాకరం" అంది. నిజంగానే బాధపడినట్టుంది. ఆవిడ నర్సరీ గుట్ట మీద ఉంది.

రెండింటికి గిన్నెలు తీసేశాక బోర్డు కూర్చుంది. ప్రూయిట్ లేచి తీర్మానం చదివాడు. ప్రతి పేరా 'అయినందున' అని మొదలైంది. చిన్న రైతుల జీవనం ప్రమాదంలో పడినందున, స్థానిక ప్రభుత్వ అధికారం హరించబడినందున, అయినందున, అయినందున. మధ్యలో భూముల బేరగాడు పక్కవాడి చెవిలో, ఇది ఎన్నో నంబరు చట్టమని అడిగాడు. మైకు ఆన్‌లో ఉంది, అందరికీ వినిపించింది. ఎవరూ నవ్వలేదు. కడుపులు నిండి సగంమంది కునుకుతున్నారు. నోర్మాకి రెండు నిమిషాలిచ్చారు. ఆవిడ ఎక్కడో ఉత్తరధ్రువం దగ్గర మొదలుపెట్టింది. మా ఏటి దాకా వచ్చేలోపు సమయం అయిపోయింది, మైకు కట్ చేశారు.

తర్వాత చదవాల్సింది నేను. కాగితం తీసి చేతిలో పట్టుకున్నాను. పిలిస్తే వెళ్లి చదివేవాణ్ణే. సూపు సంగతి సూపుది, రాయి సంగతి రాయిది. రెండూ కలిపినవాడు వర్జిల్, నేను కాదు. డియోలిందా ముసలమ్మల పక్కన కూర్చుని నా వైపే చూస్తోంది. వర్జిల్ కూడా నా వైపు చూశాడు. చూసి, "ఇంకెవరూ మాట్లాడేవాళ్లు లేరు కాబట్టి" అన్నాడు. అయిదు చేతులు లేచాయి.

నవంబరులో ఆ చట్టం ఓడిపోయింది. మా బోర్డు వల్ల కాదు. మా బోర్డు ఒకటుందని రాజధానిలో ఎవరికీ తెలియదు.

ఆ శనివారం అందరూ వెళ్లాక నేను గుండిగలు తోముతుంటే వర్జిల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సోమవారం లారీలు వేరే పని మీద వెళ్తున్నాయి పెదనాన్నా."

"సరే."

"వానలకి ముందు కుదరకపోవచ్చు."

"సరే అన్నాగా."

కదల్లేదు. "జనంలో నా పరువు తీశావ్. అయినా నేనేం మనసులో పెట్టుకోను. నువ్వు ఒక్కమాట అంటే చాలు, లారీల సంగతి చూస్తాను."

"ఏమనాలి?"

"ఏముంది, తప్పయిందని. మనిద్దరి మధ్యే."

వాడికి నా దగ్గర్నుంచి వద్దు అనే మాట మూడువందల మంది ముందు కావాలి. తప్పు అనే మాట మాత్రం వంటగదిలో చాలు. అలా పెరిగాడు. పెంచిన చేతుల్లో డియోలిందా చేయి కూడా ఉంది.

"గుండిగ కడగాలి, పక్కకి జరుగు" అన్నాను. నీళ్లు వాడి బూట్ల మీద పడ్డాయి. వెళ్లిపోయాడు.

ఇంటికి వస్తుంటే బండిలో, రోడ్డు మలుపు దగ్గర డియోలిందా అంది, "పోసేసి ఉంటే పోయేది కదా. నాలుగు గరిటెలు పోశాక తలుపు సంగతి అడగాల్సింది."

"అప్పుడెవడు తీస్తాడు?"

"తియ్యకపోతే తియ్యకపోయారు. వాళ్లు మనకేమవుతారు?"

"ఏమీ కారు."

"మరి?"

"నువ్వు లోపల కూర్చున్నావు కదా. తలుపు మూసుంటే నువ్వు తినేదానివా?"

ఆవిడ కిటికీ అద్దం తుడిచి ఏటి వైపు చూసింది. నీళ్లు అప్పటికే మట్టిరంగు తిరిగాయి. "రాయి రాదు" అంది.

"రాదు."

"కొట్టమో?"

"రోడ్డు వైపుకి మార్చాలి. చిన్నది కట్టుకుందాం."

"అన్ని ఆవులు పట్టవు."

"పట్టవు. సగం అమ్ముదాం."

"ఆ ఎర్రబిళ్లతోనే ఇంట్లోకొస్తావా?" అంది. ఇంకా ఏప్రను విప్పలేదు నేను. ఆవిడే చేయి చాచి పీకి బండిలోంచి బయటికి విసిరేసింది. ఆ చట్టం ప్రకారం దానికి కూడా జరిమానా ఉంటుంది.

మర్నాడు ఆదివారం. చర్చికి వెళ్లలేదు. పాలు తీసి, ఆవుల్ని రోడ్డు వైపు పొలంలోకి తోలాను. గునపం, సుత్తి తెచ్చుకుని, కొట్టానికి ఏటివైపు గోడ చెక్కలు ఒక్కొక్కటీ ఊడదీయడం మొదలుపెట్టాను, మేకులు వంగకుండా.